ఒకే గాఢత ఉన్న బలమైన, బలహీన ఆమ్లాలకు క్షారం సమానంగా ఎందుకు పడుతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మి.లీ. తీసుకుని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ (చర్య పూర్తయ్యేదాకా కొలుస్తూ కలపడం) చేస్తే 20 మి.లీ. పట్టింది. అదే గాఢతలో ఎసిటిక్ ఆమ్లం తీసుకున్నా 20 మి.లీ.యే పట్టింది. మొదటిదాని పీహెచ్ 1, రెండోదానిది 2.9. అంటే రెండోదానిలో హైడ్రోజన్ అయాన్లు దాదాపు 75 రెట్లు తక్కువ. మరి క్షారం కూడా అంత తక్కువే పట్టాలి కదా? పక్క బల్ల మీద మిథైల్ ఆరెంజ్ సూచిక (పీహెచ్‌ను బట్టి రంగు మార్చే పదార్థం) వాడిన వాళ్లకు ఎసిటిక్ ఆమ్లానికి 6 మి.లీ. దగ్గరే రంగు మారిపోయింది. ఎవరిది తప్పు? ఆమ్లం పూర్తిగా తటస్థమయ్యాక పీహెచ్ 7 రాకుండా 8.7 ఎందుకు వచ్చింది?

మీ రీడింగులు సరైనవే. పక్క బల్ల వాళ్ల చేతిలోనూ తప్పు లేదు, వాళ్లు తీసుకున్న సూచికలో ఉంది. ఈ మూడు సందేహాలకూ మూలం ఒకటే. పీహెచ్ కొలిచేది ఒకటి, టైట్రేషన్ కొలిచేది వేరొకటి. ఆ క్షణంలో ద్రావణంలో విడిగా తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్లు ఎన్నో పీహెచ్ చెబుతుంది. ఆ ఆమ్లం మొత్తం మీద ఎన్ని హైడ్రోజన్ అయాన్లు ఇవ్వగలదో టైట్రేషన్ చెబుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఈ రెండు సంఖ్యలూ ఒకటే కావడంతో తేడా కనబడదు. ఎసిటిక్ ఆమ్లం దగ్గరకు వచ్చేసరికి బయటపడుతుంది.

లెక్క వేసి చూడండి. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నూటికి 1.3 అణువులు మాత్రమే అయనీకరణం చెంది (అయాన్లుగా విడిపోయి) ఉంటాయి. మిగతా 98.7 అణువులు తమ హైడ్రోజన్‌ను వదలకుండా అలాగే ఉంటాయి. మీ 20 మి.లీ.లో విడిగా ఉన్న హైడ్రోజన్ అయాన్లను మాత్రమే తటస్థం చేయాలంటే 0.27 మి.లీ. క్షారం చాలు. బ్యూరెట్ (క్షారం పోసే, కొలత గీతలున్న గొట్టం) నుంచి పడే చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది కాబట్టి అయిదారు చుక్కలు. నిజంగా అయిదారు చుక్కలకే పని అయిపోవాలి కదా అనేది మీ ప్రశ్న.

అలా జరగదు. ఎందుకంటే అయనీకరణం ఒకసారి జరిగి ఆగిపోయే చర్య కాదు. ఎసిటిక్ ఆమ్లం విడిపోవడం, విడిపోయిన అయాన్లు మళ్లీ కలవడం రెండూ నిరంతరం జరుగుతూ ఒక సమతాస్థితిలో ఉంటాయి. మీరు వేసిన హైడ్రాక్సైడ్ అయాన్ ఒక హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని నీరుగా మారగానే ఆ సమతాస్థితి చెదురుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంకో ఎసిటిక్ ఆమ్ల అణువు విడిపోతుంది. దాన్నీ తీసేస్తే మరొకటి. ఇసుకలో తీసిన చెలమ లాంటిదే ఇదీ: తోడినకొద్దీ ఊరుతుంది, పైకి కనిపించే నీటిని చూసి ఎన్ని బిందెలు వస్తాయో చెప్పలేం. చివరికి 0.002 మోల్‌ల ఆమ్లం ఉంటే 0.002 మోల్‌ల క్షారం పట్టాల్సిందే. ఆమ్లం బలమైనదా బలహీనమైనదా అన్నది ఈ మొత్తాన్ని మార్చదు. దారిలో పీహెచ్ ఎలా పెరుగుతుందో దాన్ని మాత్రమే మారుస్తుంది.

దీన్ని టైట్రేషన్ లేకుండా కూడా చూడొచ్చు. రెండు ఫ్లాస్కుల్లో 0.1 మోలార్ ఆమ్లాలు చెరి 50 మి.లీ. పోసి, రెండింటిలోనూ శుభ్రంగా గీకిన మెగ్నీషియం రిబ్బన్ కావలసినదానికంటే ఎక్కువే వేయండి. వచ్చే హైడ్రోజన్ వాయువును గ్యాస్ సిరంజిలోకి పట్టండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఫ్లాస్కులో బుడగలు జోరుగా వస్తాయి, ఎసిటిక్ ఆమ్లంలో నెమ్మదిగా వస్తాయి. కానీ చర్య పూర్తిగా ఆగేదాకా ఓపిక పడితే రెండింటిలోనూ గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 60 మి.లీ. వాయువే వస్తుంది. వేగం విడి అయాన్ల మీద ఆధారపడింది, మొత్తం పరిమాణం మోల్‌ల మీద. మధ్యలో ఆపేసి 'బలహీన ఆమ్లం తక్కువ వాయువు ఇస్తుంది' అని రికార్డులో రాసేవాళ్లు చాలామంది ఉంటారు, జాగ్రత్త.

ఇక్కడే ఇంకో గందరగోళం కూడా తీర్చేయాలి. బలమైన ఆమ్లం, గాఢ ఆమ్లం ఒకటి కాదు. బలం అంటే ఎంత శాతం అయనీకరణం చెందుతుందన్నది, అది ఆ పదార్థం స్వభావం. గాఢత అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు కరిగి ఉన్నాయన్నది, అది మీ చేతిలో ఉన్న విషయం. గ్లేషియల్ (నీరు దాదాపు లేని) ఎసిటిక్ ఆమ్లం లీటరుకు 17 మోల్‌లకు పైగా ఉంటుంది. చాలా గాఢమైనది, అయినా బలహీన ఆమ్లమే. 0.001 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలా విలీనమైనది (పలచనిది), అయినా బలమైన ఆమ్లమే. 'బలహీనం' అంటే ప్రమాదం లేదని కూడా కాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లెక్క ప్రకారం బలహీన ఆమ్లం, కానీ చర్మంలోంచి లోపలికి దిగి కాల్షియంను పట్టుకుంటుంది, ప్రాణాలు తీయగలదు. పాఠశాల ప్రయోగశాలలో దానికి చోటే ఉండకూడదు.

పీహెచ్ విషయంలో మీరు 75 రెట్లు అని లెక్క వేశారు చూడండి, అది సరిగ్గా వేశారు. చాలామంది '1కీ 2.9కీ తేడా రెండే కదా' అనుకుంటారు. 1909లో సోరెన్‌సెన్ ఈ స్కేలును ప్రతిపాదించినప్పుడే అది సంవర్గమాన (లాగరిథమ్) స్కేలు. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. దీనివల్ల వచ్చే చిక్కులు పరీక్షల్లో తరచుగా అడుగుతారు. పీహెచ్ 1 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నీ పీహెచ్ 3 ఉన్నదాన్నీ సమాన పరిమాణాల్లో కలిపితే పీహెచ్ 2 రాదు. గాఢతలు 0.1, 0.001. వాటి సగటు 0.0505. దాని పీహెచ్ 1.3. పీహెచ్‌లకు నేరుగా సగటు తీయకూడదు, గాఢతలకు తీసి తర్వాత పీహెచ్‌కు మార్చాలి.

నీళ్లు కలిపినప్పుడు కూడా రెండు ఆమ్లాలూ ఒకేలా ప్రవర్తించవు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పది రెట్లు విలీనం చేస్తే పీహెచ్ 1 నుంచి 2కు వెళ్తుంది. ఎసిటిక్ ఆమ్లాన్ని పది రెట్లు విలీనం చేస్తే 2.88 నుంచి 3.38కి, అంటే అర అంకె మాత్రమే పెరుగుతుంది. నీళ్లు పెరిగేసరికి ఇంకొన్ని అణువులు విడిపోతాయి కాబట్టి అయనీకరణ శాతం 1.3 నుంచి సుమారు 4కు చేరుతుంది. మరీ విలీనం చేసుకుంటూ పోతే ఇంకో వింత. 0.00000001 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అంటే సూత్రంలో వేసి 8 అని రాస్తారు. ఆమ్లం కలిపితే నీరు క్షార స్వభావంలోకి మారడం ఎక్కడైనా ఉందా? అంత విలీన ద్రావణంలో నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లే ఎక్కువ. వాటిని కూడా లెక్కలోకి తీసుకుంటే 6.98 వస్తుంది.

ఇప్పుడు 8.7 సంగతి. 'తటస్థీకరణం పూర్తయితే పీహెచ్ 7' అన్నది బలమైన ఆమ్లం, బలమైన క్షారం జంటకు నిజం, అన్ని జంటలకూ కాదు. ఎసిటిక్ ఆమ్లం మొత్తం అయిపోయిన క్షణంలో ఫ్లాస్కులో మిగిలేది ఒట్టి నీరు కాదు, సోడియం ఎసిటేట్ ద్రావణం. ఎసిటేట్ అయాన్ ఒక బలహీన ఆమ్లం నుంచి వచ్చింది కాబట్టి హైడ్రోజన్‌ను తిరిగి తీసుకోవడానికి దానికి కాస్త మొగ్గు ఉంటుంది. నీటి అణువుల నుంచి కొన్ని హైడ్రోజన్ అయాన్లను లాక్కుని, హైడ్రాక్సైడ్ అయాన్లను మిగులుస్తుంది. దీన్నే జలవిశ్లేషణ అంటాం. మీ ప్రయోగంలో చివరికి ఎసిటేట్ గాఢత 0.05 మోలార్ (ఘనపరిమాణం రెట్టింపు అయింది కదా), దానికి లెక్క కడితే పీహెచ్ 8.73. మీ పీహెచ్ మీటరు చక్కగా పనిచేస్తోంది. సోడియం, క్లోరైడ్ అయాన్లకు ఇలాంటి మొగ్గు లేదు, అందుకే ఉప్పు నీరు 7 దగ్గరే ఉంటుంది. ఆ 7 కూడా 25 డిగ్రీల దగ్గరి మాట. 60 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ సుమారు 6.5, అయినా అది తటస్థమే, హైడ్రోజన్ అయాన్లూ హైడ్రాక్సైడ్ అయాన్లూ సమానంగానే ఉంటాయి.

క్షారం పడేకొద్దీ రెండు ఫ్లాస్కుల్లో పీహెచ్ ఎలా నడుస్తుందో పక్కపక్కన పెట్టి చూస్తే సూచిక ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ముందు హైడ్రోక్లోరిక్, తర్వాత ఎసిటిక్:

0 మి.లీ. దగ్గర: 1.0, 2.9
10 మి.లీ. దగ్గర: 1.5, 4.8
18 మి.లీ. దగ్గర: 2.3, 5.7
19.95 మి.లీ. దగ్గర: 3.9, 7.4
20 మి.లీ. దగ్గర: 7.0, 8.7
20.05 మి.లీ. దగ్గర: 10.1, 10.1

హైడ్రోక్లోరిక్ వరుస చూడండి. 18 మి.లీ. పోసినా పీహెచ్ 2.3 దాటలేదు, ఆఖరి రెండు చుక్కల్లో 3.9 నుంచి 10.1కి దూకింది. ఈ దూకుడు మధ్యలో ఎక్కడ రంగు మార్చే సూచిక అయినా పనికొస్తుంది. మిథైల్ ఆరెంజ్ (3.1 నుంచి 4.4), బ్రోమోథైమాల్ బ్లూ (6.0 నుంచి 7.6), ఫినాఫ్తలీన్ (8.2 నుంచి 10) అన్నీ ఒకటి రెండు చుక్కల తేడాతో ఒకే జవాబు ఇస్తాయి. ఎసిటిక్ ఆమ్లం వరుసలో దూకుడు 7.4 దగ్గర మొదలవుతుంది. ఫినాఫ్తలీన్ పరిధి అందులో సరిపోతుంది. మిథైల్ ఆరెంజ్ పరిధి అసలు అందులో లేనే లేదు. పక్క బల్ల మీద జరిగింది ఇదే. వాళ్ల సూచిక మొదటి కొన్ని చుక్కలకే ఎరుపు నుంచి జరగడం మొదలుపెట్టి, నారింజ మీదుగా సాగి సాగి, పీహెచ్ 4.4 చేరే 6 మి.లీ. దగ్గర పూర్తి పసుపు అయింది. అప్పటికి ఆమ్లంలో మూడో వంతు కూడా తటస్థం కాలేదు. ఇలాంటి టైట్రేషన్‌లో ఒకరికి 4 వస్తుంది, ఒకరికి 6 వస్తుంది, ఏ రెండు రీడింగులూ కలవవు. ఏ చుక్క దగ్గరా రంగు చటుక్కున మారకపోతే మొదట చేతిని కాదు, సూచికను అనుమానించాలి.

సూచికను ఎంచుకోవడానికి పట్టికలు బట్టీ పట్టనక్కర్లేదు. చర్య పూర్తయ్యాక ఫ్లాస్కులో ఏ లవణం మిగులుతుందో, దాని ద్రావణం ఆమ్ల స్వభావం ఉన్నదా క్షార స్వభావం ఉన్నదా అని అడగండి. బలహీన ఆమ్లం, బలమైన క్షారం అయితే మిగిలేది క్షార స్వభావమున్న లవణం, ఫినాఫ్తలీన్. అమోనియా లాంటి బలహీన క్షారం, బలమైన ఆమ్లం అయితే మిగిలే అమ్మోనియం క్లోరైడ్ పీహెచ్ 5.3 చుట్టుపక్కల ఉంటుంది, మిథైల్ రెడ్ బాగుంటుంది, మిథైల్ ఆరెంజ్ కూడా నడుస్తుంది. ఎసిటిక్ ఆమ్లం, అమోనియా రెండూ బలహీనమే అయితే దూకుడు ఉండదు, ఏ సూచికా సరిపోదు, ఆ టైట్రేషన్ మానుకోవడమే మంచిది. లిట్మస్ రంగు మార్చే పరిధి మరీ వెడల్పు, అందుకే ఏ టైట్రేషన్‌కూ వాడరు. ఆమ్లమా క్షారమా అని చూడటానికి మాత్రమే అది.

సోడియం కార్బొనేట్ వస్తే మళ్లీ తమాషా. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అది రెండు మెట్లలో చర్య జరుపుతుంది. కార్బొనేట్ మొదట బైకార్బొనేట్ అవుతుంది, అక్కడ ఫినాఫ్తలీన్ రంగు పోతుంది. తర్వాత బైకార్బొనేట్ కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతుంది, అక్కడ మిథైల్ ఆరెంజ్ మారుతుంది. అందుకే ఫినాఫ్తలీన్‌తో 10 మి.లీ. ఆమ్లం పడితే మిథైల్ ఆరెంజ్‌తో మొదటి నుంచి 20 మి.లీ. పడుతుంది. రెండూ సరైనవే, అడిగిన ప్రశ్న వేరు.

ప్రయోగం తీరు గురించి అడగలేదు కానీ, తర్వాత వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం శాతం కనుక్కుంటామన్నారు కాబట్టి చెబుతాను. లెక్కలో తప్పులు దిద్దుకోవచ్చు, బ్యూరెట్ దగ్గర చేసిన తప్పు రికార్డులోకి వెళ్లాక ఎవరూ పట్టుకోలేరు.

మొట్టమొదట సోడియం హైడ్రాక్సైడ్ సీసా మీద 0.1 మోలార్ అని రాసి ఉంటే నమ్మకండి. దాని గుళికలు తూచే లోపే గాలిలోని తేమను పీల్చుకుని చెమర్చుతాయి, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పట్టుకుంటాయి. లీటరుకు 4 గ్రాములు కచ్చితంగా తూచామనుకున్నా అందులో ఎంత సోడియం హైడ్రాక్సైడ్ ఉందో తెలియదు. అందుకే సుమారుగా తూచి (250 మి.లీ.కి 1.1 గ్రాములు), మరిగించి చల్లార్చిన స్వేదన జలంలో కరిగించి, ప్లాస్టిక్ సీసాలో మూత బిగించి ఉంచి, అసలు గాఢతను ఆక్సాలిక్ ఆమ్లంతో కనుక్కోవాలి. గాజు బిరడా ఉన్న సీసా వద్దు, క్షారం గాజును తిని బిరడా బిగుసుకుపోతుంది.

ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాల్లో ఒక్కో అణువుకు రెండు నీటి అణువులు ఉంటాయి, మోలార్ ద్రవ్యరాశి 126.07. దీన్ని మరచి 90 వేసుకుంటే మొత్తం లెక్క పోతుంది. 250 మి.లీ. 0.05 మోలార్ ద్రావణానికి 1.576 గ్రాములు తూచి వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులో గీత వరకు నింపండి. ఒక ఆక్సాలిక్ ఆమ్ల అణువు రెండు హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది. కాబట్టి దాని ఒక మోల్‌కు రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. ఉదాహరణకు 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లానికి 20.6 మి.లీ. క్షారం పట్టిందనుకోండి. ఆమ్లం 20 × 0.05 = 1 మిల్లీమోల్, క్షారం 2 మిల్లీమోల్‌లు. 2ను 20.6తో భాగిస్తే 0.0971 మోలార్. ఇదీ మీ క్షారం అసలు గాఢత. ఆక్సాలిక్ ఆమ్లం విషపదార్థం, చేతులు కడుక్కోవడం మరవకండి.

గాజు సామాను కడగడంలో ఒక్క సూత్రం: దేనితో పరిమాణం కొలుస్తామో దాన్ని లోపల పోసే ద్రావణంతోనే చివరిసారి కడగాలి, చర్య జరిగే పాత్రను నీటితో మాత్రమే కడగాలి. బ్యూరెట్‌ను నీటితో కడిగాక 5 మి.లీ. చొప్పున సోడియం హైడ్రాక్సైడ్‌తో రెండుసార్లు కడిగి పారబోయండి. లేకపోతే గోడలకు అంటిన నీరు క్షారాన్ని విలీనం చేస్తుంది, ఎక్కువ మి.లీ. పడుతుంది, ఆమ్లం గాఢత ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. పిపెట్‌ను (ఆమ్లాన్ని కొలిచి తీసే గొట్టాన్ని) ఆమ్లంతో కడగకపోతే తప్పు రెండో వైపు వస్తుంది, ఆమ్లం తక్కువగా తేలుతుంది. కోనికల్ ఫ్లాస్కును ఆమ్లంతో కడిగితే 20 మి.లీ. కంటే ఎక్కువ ఆమ్లం లోపల ఉన్నట్టే. అందులో నీళ్లు మిగిలితే మాత్రం ఫర్వాలేదు, ఆమ్లం మోల్‌లు మారవు కదా. గోడలకు అంటిన చుక్కలను మధ్యలో స్వేదన జలంతో కిందికి దింపడం కూడా అందుకే తప్పు కాదు.

పిపెట్‌లోకి పీల్చడానికి రబ్బరు బల్బే వాడాలి, నోటితో వద్దు. వదిలేటప్పుడు దాని మొనను ఫ్లాస్కు గోడకు తాకించి ద్రావణం తనంతట తాను దిగనివ్వండి. చివర మొనలో మిగిలే ఆ కాస్తను ఊదకండి. పిపెట్ మీద గీతను ఆ మిగిలేదాన్ని లెక్కలోకి తీసుకునే గీస్తారు.

బ్యూరెట్ నింపాక కొళాయి కింద మొనలో గాలి బుడగ ఉందేమో చూడండి. కొళాయి పూర్తిగా తెరిచి ఒక్కసారి వేగంగా వదిలితే పోతుంది. అది పోకుండా మొదలుపెట్టి, మధ్యలో బయటికి వస్తే ఆ బుడగ పరిమాణమంతా మీ రీడింగులో అదనంగా చేరుతుంది. గరాటు తీసేయడం అందరూ మరిచేదే. దాని నుంచి ఒకటి రెండు చుక్కలు మధ్యలో బ్యూరెట్‌లోకి జారితే రీడింగు తగ్గుతుంది. చదివేటప్పుడు నెలవంకలా వంగి ఉండే ద్రవం పైతలం అడుగు భాగాన్ని కంటి ఎత్తులో పెట్టుకుని చదవండి. కన్ను పైన ఉంటే తక్కువ అంకె, కింద ఉంటే ఎక్కువ అంకె కనబడుతుంది. రీడింగు 0.05 వరకు రాయాలి, 20 అని కాదు 20.00 అని.

మొదటి టైట్రేషన్ వేగంగా చేసి ఎక్కడ రంగు మారుతుందో సుమారుగా తెలుసుకోండి, దాన్ని సగటులో కలపవద్దు. తర్వాతివాటిలో ఆ అంకెకు 2 మి.లీ. ముందు వరకు ఆగకుండా పోసి, అక్కడ నుంచి చుక్క చుక్కగా, ప్రతి చుక్కకూ ఫ్లాస్కును గుండ్రంగా తిప్పుతూ వెళ్లండి. కింద తెల్ల కాగితం ఉంటే లేత గులాబీ ముందుగా కనబడుతుంది. రెండు రీడింగులు 0.1 మి.లీ. లోపల కలిసేదాకా చేయాలి. నాలుగు చేసి కలవని రెండింటినీ దాచేయడం కాదు, ఎందుకు కలవలేదో చూడాలి.

ఫినాఫ్తలీన్ రెండు మూడు చుక్కలు చాలు. ఎక్కువ వేస్తే రంగు బాగా కనబడుతుందని పది చుక్కలు వేస్తారు. అది ఆల్కహాల్‌లో కరిగించిన పదార్థం, నీటిలో సరిగ్గా కరగదు, ద్రావణం తెల్లగా మసకబారుతుంది. పైగా అదీ ఒక బలహీన ఆమ్లమే, కొంత క్షారం అదే తినేస్తుంది. మీకు కావలసింది ముదురు గులాబీ కాదు, ఫ్లాస్కు తిప్పాక 30 సెకన్లపాటు నిలిచే అతి లేత రంగు. ముదురు గులాబీ వచ్చిందంటే అప్పటికే దాటిపోయారు.

ఆ రంగు ఒకటి రెండు నిమిషాల్లో పోయిందని మళ్లీ చుక్కలు వేయకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది, పీహెచ్ 8.2 కిందికి జారుతుంది, రంగు పోతుంది. ఇలా వేసుకుంటూ పోతే మీరు గాలిని టైట్రేట్ చేస్తున్నట్టే. గాలి తగిలిన స్వేదన జలం పీహెచ్ 7 కాకుండా 5.6 దగ్గర ఉండటానికి కారణం కూడా ఇదే.

ఇక వెనిగర్. అందులో ఎసిటిక్ ఆమ్లం సాధారణంగా 4 నుంచి 5 శాతం, అంటే సుమారు 0.67 నుంచి 0.83 మోలార్ మధ్య ఉంటుంది. నేరుగా 20 మి.లీ. తీసుకుంటే 0.1 మోలార్ క్షారం 130 మి.లీ.కి తగ్గకుండా పడుతుంది, బ్యూరెట్‌ను కనీసం మూడుసార్లు నింపాలి, నింపిన ప్రతిసారీ కొత్త తప్పు చేరుతుంది. అందుకే 25 మి.లీ. పిపెట్‌తో తీసి 250 మి.లీ. వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులో గీత వరకు నీరు నింపి బాగా కలపండి. రంగులేని వెనిగర్ ఎంచుకోండి, ముదురు రంగు వెనిగర్‌లో లేత గులాబీ కనబడదు.

ఈ విలీన ద్రావణం 20 మి.లీ.కి 0.0971 మోలార్ క్షారం 17.20 మి.లీ. పట్టిందనుకుందాం. 17.20 × 0.0971 = 1.67 మిల్లీమోల్‌లు. 20తో భాగిస్తే 0.0835 మోలార్. పది రెట్లు విలీనం చేశాం కాబట్టి అసలు వెనిగర్ 0.835 మోలార్. మోలార్ ద్రవ్యరాశి 60.05తో గుణిస్తే లీటరుకు 50.1 గ్రాములు, అంటే 100 మి.లీ.కి 5.0 గ్రాములు. క్షారం గాఢత కనుక్కోకుండా సీసా మీది 0.1నే నమ్మి ఉంటే ఇదే రీడింగుకు 5.2 గ్రాములు వచ్చేది. ఎంత జాగ్రత్తగా చుక్కలు లెక్కపెట్టినా ఆ తేడా తగ్గేది కాదు.

కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా క్షారం దగ్గర. ఆమ్లం మండితే వెంటనే తెలుస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ చర్మం మీద జారుడుగా అనిపిస్తుంది, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, ఆలోగా లోపలికి తింటుంది. కంట్లో పడితే ఆగకుండా కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడుగుతూ, ఈలోగా వైద్యుణ్ణి పిలవాలి. ఆమ్లం ఒంటి మీద పడితే క్షారంతో తటస్థం చేద్దామని ఎవరైనా అంటే వినకండి. తటస్థీకరణంలో మోల్‌కు దాదాపు 57 కిలోజౌళ్ల వేడి పుడుతుంది, రసాయన గాయానికి కాలిన గాయం తోడవుతుంది. నీళ్లు, బోలెడన్ని నీళ్లు, అంతే. గాఢ ఆమ్లాన్ని విలీనం చేయాల్సి వస్తే ఆమ్లాన్నే నీటిలోకి కొద్దికొద్దిగా కలుపుతూ పోయాలి, నీటిని ఆమ్లంలోకి పోయకూడదు. పని అయ్యాక బ్యూరెట్‌లో క్షారాన్ని అలాగే వదిలేయకుండా కడిగి, కొళాయి తెరిచి తలకిందులుగా స్టాండుకు తగిలించండి.